కథ చెప్పని సినిమా

కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో తెలియాలంటే లంజిపల్లి వైకుంఠరావుని చూడాలి. లోకంలో ఇన్ని సినిమాలుండగా, అక్కని చూడమని ఆ సినిమాయే ఇచ్చాడు మహానుభావుడు.

ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకుంటారు. ఒకడి ఇంట్లోవాళ్ళు రెండోవాణ్ణి భోజనానికి పిలుస్తారు. అక్కడినుంచీ కడుపు చెక్కలయ్యే నవ్వే, కానీ ఆ నవ్వు పక్కనే చావు కూర్చుని ఉంటుంది. గోపాలపూర్‌లో చేపల వ్యాపారం చేసే మసేను, వైకుంఠరావు కలిసి ఫోన్లో చూశారది. ఇంట్లో మసేనుని నేస్తుడని చెప్పుకొస్తున్నాడు గానీ, వాళ్ళిద్దరిదీ సినిమాలో వాళ్ళ సంగతే. అక్క చూసి నవ్వితే, ఆ ఇద్దరి మీదా జాలిపడితే, అప్పుడు తన విషయం చెబుదామని అతని ఆశ. తల్లి పోయాక పెంచింది ఆవిడే. ఆవిడ కాదంటే తనవాళ్ళంటూ ఇంకెవరూ లేరు.

"ఏటి కత?" అంది పుణ్యవతి, పెన్‌డ్రైవ్ అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"సెప్తే పస పోతాదక్కా. ఇద్దరు మొగోళ్ళ కత, నవ్వొస్తాది. నువ్వొక్కదానివే కూకుని సూడు."

"మొగోడు ఆడేసం కడతాడేటి?"

"ఇంకేటీ అడక్కు."

అడక్కు అంటే ఆవిడ ఏమనుకోవాలి చెప్పండి? బరంపురంలో అది ఠాకురాణి జాతర నెల. మొక్కుకున్న మగవాళ్ళు మీసాలతోనే చీరలు కట్టి వీధుల్లో గెంతుతున్నారు, ముసలమ్మలు నవ్వుతూనే దణ్ణాలు పెడుతున్నారు. ఇదీ అలాంటి వేషాల సినిమాయే అనుకుంది పుణ్యవతి. జాతరకి చుట్టాలొచ్చి ఉంటే ఒక్కర్తీ తలుపేసుకుని సినిమా చూసే ఇల్లు కాదది. పైగా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

ఆదివారం మధ్యాహ్నం వైకుంఠరావు ఇంటికొచ్చేసరికి హాలు నిండా జనం. బావ జగ్గారావు, బావ తమ్ముడు పైడన్న, బావ తల్లి కూర్మమ్మ. టీవీకి ఎదురుగా మంచి కుర్చీలో, చేతిలో ఫలహారం పళ్ళెంతో మసేను.

"నీ నేస్తుణ్ణీ పిలిసేన్రా, నవ్వుకుంటాడని" అంది అక్క.

అప్పటికే సినిమా మొదలైపోయింది.

మొదట్లో అందరికంటే పెద్దగా నవ్వింది జగ్గారావే. సినిమాలో ఆ ఇద్దరూ భోజనాల బల్ల కింద చేతులు పట్టుకున్నారు. ఆ నవ్వు అక్కడ ఆగిపోయింది. కూర్మమ్మ గొణుక్కుంటూ లేచి లోపలికెళ్ళింది. జగ్గారావు టీవీ చూడ్డం మానేసి మసేనుని చూశాడు, తర్వాత బావమరిదిని చూశాడు.

"మీది ఏ ఊరు?" అన్నాడు నింపాదిగా, ఏళ్ళుగా ఎరిగిన మనిషిని పట్టుకుని.

"గోపాలపూరే గదా బాబూ."

"ఒక్కడివే ఎల్తావా?"

మసేను పళ్ళెం కింద పెట్టేశాడు. చేపల లారీ వచ్చే వేళయిందని లేచాడు. ఎవరూ ఉండమనలేదు. బయట అతని బండి చప్పుడు వినబడగానే జగ్గారావు తమ్ముడికేసి చూశాడు. పైడన్న చెప్పులైనా వేసుకోకుండా బండి తాళాలందుకుని వెళ్ళిపోయాడు.

వైకుంఠరావు లేవబోతే బావ మణికట్టు పట్టుకున్నాడు.

"కూకో. సినిమా సగమే అయింది."

పుణ్యవతి టీవీ ఆపేసింది.

"ఒక్క ముక్క ముందే సెప్పకపోయావురా. తలుపేసుకునే సూద్దును గదా."

అది తిట్టు కాదు. అక్క కళ్ళు చూస్తే తెలిసింది, ఆవిడ తనని వదల్లేదని. ఇన్నాళ్ళూ ఈవిడకా భయపడ్డాను అని ఏడుపొచ్చింది వైకుంఠరావుకి. బావ పట్టు మాత్రం ఇంకా బిగుస్తోంది.

"ఆడు నేస్తుడు కాదు బావా" అన్నాడు. "నా మనిసి."

అంటు తగిలినట్టు చెయ్యి వదిలేసి, అరచెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు జగ్గారావు. వైకుంఠరావుకి కావలసిందీ అదే. మెట్లు దిగి పరిగెత్తాడు, దొరికిన ఆటో ఎక్కాడు. వీధి నిండా పులివేషాలు, డప్పులు. ఆటో అంగుళం అంగుళం కదులుతోంది. మసేనుకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు, అది మోగి మోగి ఆగిపోతోంది.

గోపాలపూర్ రోడ్డెక్కాక ఫోన్ ఎత్తారు.

"ఎవుడ్రా?" అన్నాడు పైడన్న.