ఒక్క మొక్కా మిగలకూడదు

మా పెరటి కొలనులో గుర్రపుడెక్క ఎంత దట్టంగా అల్లుకుందంటే, చుట్టపుచూపుగా వచ్చిన మా అన్నయ్య పచ్చిక అనుకుని అడుగేసి నడుములోతు నీళ్ళలో దిగబడ్డాడు. మా అత్తగారికి తల కొట్టేసినట్టయింది.

"ఒక్క మొక్క మిగిలినా నెల తిరక్కుండా మళ్ళీ ఇదే గతి. వేళ్ళతో సహా పీకండి! పువ్వు ముద్దొస్తోందని ఎవరైనా జాలిపడ్డారో, ఊరుకునేది లేదు!" అన్నారు.

మామగారు, మా ఆయన, నేను కొలనులోకి దిగాం. వెదురు గడలతో లాగాం, చేతులతో పీకాం, పనిలో పనిగా ఒకరి మీద ఒకరు బురద చల్లుకున్నాం. సాయంత్రానికి గట్టు మీద గడ్డివామంత గుట్ట, కొలనులో అద్దంలాంటి నీళ్ళు.

మర్నాడు తెల్లవారుతూనే, పాలగిన్నెలో దాచిన ఒకే ఒక్క మొక్కను నీళ్ళలో వదలడానికి పిల్లిలా వెళ్ళాను. గట్టున మామగారు, చేతిలో గడ్డం గీసుకునే మగ్గు, అందులో మొక్క! ఇంతలో మా ఆయన బకెట్టుతో వచ్చారు. ఆయన మాత్రం తక్కువ తిన్నారా? ముగ్గురం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

"ష్! అత్తయ్య లేస్తారు," అన్నాను.

"లేచి చాలాసేపయిందిలే," అంది అవతలి గట్టు నుంచి ఆవిడ గొంతు.

అత్తగారి చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. నీళ్ళ మీద అప్పటికే ఒక ఊదాపువ్వు ఊగుతోంది.