పరిపూర్ణ టీచరుగారి శ్రుతిపెట్టె

నేను ఒక శ్రుతిపెట్టెను. హార్మోనియానికి చెల్లెల్ని అనుకోండి. అక్కకు ఉన్న మెట్లు నాకు లేవు, ఆ సొగసూ లేదు. ముందున్న పలకను చేత్తో తెరుస్తూ మూస్తూ ఉంటే నా తోలుతిత్తి గాలి పీల్చి వదులుతుంది, లోపలి ఇత్తడి రేకులు ఒకే స్వరంలో మోగుతాయి. పాడేవాళ్ళు ఆ మోతకు గొంతు కలుపుకుని పాట ఎత్తుకుంటారు. కచేరీ అయ్యాక పాడినవాళ్ళకు శాలువా కప్పుతారు, మృదంగం వాయించినాయనకూ కప్పుతారు. నన్ను మాత్రం పాత పంచెముక్కలో చుట్టి సంచిలో పడేస్తారు. పలకరించకపోయినా పని ఆపని వాళ్ళంటే మనుషులకు మొదట్నుంచీ చులకనే.

రాజమండ్రిలో హార్మోనియాలు బాగుచేసే మస్తాన్ సాయిబు నన్ను తయారుచేశాడు. కూల్చేసిన ఒక ఇంటి ద్వారబంధంలోని టేకు నా ఒళ్ళు. చేయించుకున్నావిడ నూకరత్నం భాగవతారిణి. హరికథలు చెప్పేది. మెడలో దండ, కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలతో ఆవిడ లేచి నిలబడితే పందిట్లో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారు. ఒకసారి ఉప్పాడ దగ్గర కథ చెప్పడానికి వెళ్ళి, సముద్రం మీదికి పోయిన మొగుడి కోసం ఒడ్డున నిలబడి చూసే బెస్త ఆడమనిషిని చూసి వచ్చింది. ఆ మర్నాడు నన్ను ముందు పెట్టుకుని ఒక పదం కట్టింది. 'పొద్దు వాలెనే, తెరచాప కానరాదే' అని దాని ఎత్తుగడ. ఆ 'కానరాదే' దగ్గర గొంతు ఒక్కసారిగా కిందికి జారేది. ఆ జారుడు వింటే ఎవరికైనా కళ్ళు చెమర్చేవి.

మోకాళ్ళు పట్టేసి కథలు మానేసిన రోజుల్లో ఆవిడ దగ్గర చివరిదాకా నేర్చుకున్న పిల్ల పరిపూర్ణ. రైసుమిల్లు గుమాస్తాగారి అమ్మాయి. పొడుగ్గా, మాట తక్కువగా ఉండేది. నూకరత్నం ఆ పిల్లను పిలిచి, నన్నూ ఆ పదాన్నీ ఒకేసారి అప్పగించింది. పరిపూర్ణకు పెళ్ళి కుదరలేదు. పాట కుదిరింది. కాకినాడలో ఒక కాలనీవాళ్ళు తమ కమ్యూనిటీ హాలు మేడమీద రేకులషెడ్డు వేసి పిల్లలకు సంగీతం, నాట్యం నేర్పే స్కూలు పెట్టాలనుకున్నప్పుడు సంగీతం టీచరుగా ఆమెనే పెట్టుకున్నారు. అప్పట్నుంచి నా ఉద్యోగం కూడా అక్కడే.

నాట్యం మాస్టారు పేరు ఏడుకొండలు. సముద్రం ఒడ్డు పేటలో పుట్టినవాడు. చిన్నతనంలోనే తండ్రి చేపలవేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. వలలు లాగాల్సిన చేతులతో అభినయం పట్టాడని, పైగా ఆడవేషాలు కట్టాడని పేటలో అతన్ని ఎగతాళి చేసేవారు. ఆ మాటలు పడలేక యౌవనంలోనే వేషాలు కట్టడం మానేసి పాఠాలు చెప్పడానికే పరిమితమైపోయాడు. తల్లి సింహాద్రమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. ఎండుచేపలు అమ్ముకుని వచ్చి కొడుకుకు అన్నం పెట్టేది.

ఈ ఇద్దరు టీచర్లకూ ఒక్కరోజు పడేది కాదు. పాట నిదానంగా నడవాలని ఆమె, కాలు చురుగ్గా పడాలని ఆయన.

"టీచరుగారూ, మీ సంగతులన్నీ అయ్యేదాకా పిల్లలు ఒంటికాలి మీద నిలబడాలంటే వాళ్ళు కొంగలు కాదండి" అనేవాడు ఏడుకొండలు.

ఆమె నా తిత్తిని ఇంకాస్త నెమ్మదిగా ఊపేది. పిల్లలు కిసుక్కున నవ్వేవారు. అయినా వాన వస్తే ఆయన గొడుగు ఆమెకు ఇచ్చి తడుస్తూ పోయేవాడు. ఆయనకు జ్వరమొస్తే ఆమె పిల్లల చేత అడుగులు వేయించి, తాళం తప్పకుండా చూసేది. పొగుడుకోవడం మాత్రం ఇద్దరికీ చేతకాదు.

ఒకనాడు క్లాసు అయ్యాక పరిపూర్ణ తనలో తాను ఆ బెస్తపదం పాడుకుంటోంది. గజ్జెలు సర్దుతున్న ఏడుకొండలు అలాగే ఆగిపోయాడు. పాట అయిపోయాక, ఇది ఎవరిదని అడిగాడు. ఆమె చెప్పింది. అప్పుడే మొదటిసారి తండ్రి సంగతి ఆయన నోటంట వచ్చింది. తన తల్లి ఏడాది పొడుగునా ప్రతి సాయంత్రం ఒడ్డుకు వెళ్ళి నిలబడేదని, తను ఆమె చీరచెంగు పట్టుకుని నీళ్ళను కాక ఆమె మొహాన్నే చూస్తూ ఉండేవాణ్ణని చెప్పాడు.

"మీరు దీన్ని ఆడాలండి" అంది పరిపూర్ణ. "నేను పాడతాను. మీ అమ్మగారు ఉండగానే జరగాలి."

ఆయన చాలా రోజులు తప్పించుకు తిరిగాడు. ఆమె వదల్లేదు. చివరికి కార్తీకమాసంలో, స్కూలు వార్షికోత్సవానికి ఆడతానని ఒప్పుకున్నాడు.

సాధన మొదలైన రోజుల్లోనే ఆమె గొంతు కింద ఒక గడ్డ కనిపించింది. ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళింది. నేను ఆమె ఒళ్ళో సంచిలో ఉన్నాను. గడ్డ చిన్నదే, త్వరగా తీసేద్దామన్నాడాయన. తీసేశాక కొన్ని నెలలు పాడకూడదట. ఆలస్యం చేస్తే అది గొంతు నరానికి అంటుకుంటుందని, అప్పుడు ప్రాణం దక్కించగలం గానీ గొంతుకు హామీ ఇవ్వలేమని కూడా దాపరికం లేకుండా చెప్పాడు. కార్తీకం వెళ్ళాక వస్తానంది ఆమె. అంతకుమించి ఆగొద్దన్నాడు. ఆమె చేతులు నా సంచిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆనాటి నుంచి మెడచుట్టూ పైటకొంగు కప్పుకుని రావడం మొదలుపెట్టింది. చలి అనుకున్నారు అందరూ.

కార్తీకంలో తుఫాను వచ్చింది. మా షెడ్డు రేకులు ఎగిరి ఎక్కడో పడ్డాయి. స్తంభాలు ఒరిగిపోయాయి, ఊరంతా కరెంటు పోయింది. వేటకు వెళ్ళిన పడవలు కొన్ని తిరిగి రాలేదు. ఏడుకొండలు పేటలో వరసగా చాలా ఇళ్ళల్లో ఏడుపులే. ఆయన తిరిగి వచ్చినప్పుడు మనిషి సగమైపోయాడు. ఇప్పుడు ఆట ఏమిటండి, నా వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలగడం లేదు అన్నాడు. మైలరోజులు గడవనివ్వమన్నాడు. తన గడువు సంగతి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆమె నా పలకను మూసి, అలాగేనండి, మీరెప్పుడంటే అప్పుడే అంది.

ఆ పదం ఇంకెవరికీ రాదు. ఆపరేషను చేయించుకుంటే పాడేవాళ్ళు లేరు. పాడేవాళ్ళు లేకపోతే ఆయన మళ్ళీ గజ్జె కట్టడు. ఆమె మనసులో ఈ లెక్క తప్ప ఇంకొకటి లేదని నాకు తెలుసు. తిత్తి మీద పడే చేతిని బట్టి మనసు తెలుసుకోవడమే నా బతుకు కదా.

సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది. చివరికి ఏడుకొండలే వచ్చి, ఆడతాను గానీ హాల్లో కాదండి, మా పేటలో ఆడతాను అన్నాడు. చేపలు ఎండబెట్టుకునే ఇసుకమైదానంలో, పొద్దు వాలుతున్న వేళ చాపలు పరిచారు. అక్కడికి ఇంకా కరెంటు రాలేదు. మైకు లేదు, టేపురికార్డరు తెచ్చినవాళ్ళు దాన్ని సంచిలోనే ఉంచుకున్నారు. రెండు పెట్రొమాక్సు లైట్లు మాత్రం దొరికాయి. ముందువరసలో ముసలి సింహాద్రమ్మ, ఆమె చుట్టూ ఆ తుఫానులో మగవాళ్ళను పోగొట్టుకున్న ఆడవాళ్ళు.

ఏడుకొండలు నగలు పెట్టుకోలేదు. తల్లి పాతచీర ఒకటి కట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని వచ్చాడు. వెనకాల కుర్రాళ్ళు కొందరు ఈల వేశారు. పరిపూర్ణ నన్ను దగ్గరికి లాక్కుని పాట ఎత్తుకుంది.

సముద్రపు గాలికి ఎదురుగా, మైకు లేకుండా అంతమందికీ వినబడేలా పాడాలంటే గొంతు ఎంత చించుకోవాలో పాడినవాళ్ళకే తెలుస్తుంది. రెండో చరణానికి ఆమె మెడ నరాలు ఉబ్బాయి. పాట మాత్రం వణకలేదు. ఏడుకొండలు ఎక్కువ ఏమీ ఆడలేదు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని నీళ్ళవైపు చూశాడు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చాడు. ఎవరో వస్తున్నట్టు రెండడుగులు వేసి, కాదని తెలిసి ఆగాడు. 'కానరాదే' అని ఆమె గొంతు జారినప్పుడు ఆయన చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. ఈల వేసిన కుర్రాళ్ళు తలలు దించుకున్నారు. ముందువరసలో ఒక చిన్నవయసు ఆడమనిషి, తుఫాను నాటి నుంచి ఏడవలేదని పేటంతా భయపడుతున్న మనిషి, మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చింది.

అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సింహాద్రమ్మ లేచి వచ్చి కొడుకు గడ్డం పట్టుకుంది.

"నానూ అలాగే నిలబడేదాన్రా" అంది.

అంతే. ఆ మాటకు ఏడుకొండలు చంటిపిల్లాడిలా ఆమె భుజం మీద వాలిపోయాడు. పరిపూర్ణ నన్ను గుడ్డలో చుట్టుకుంటోంది. ఎవరో మంచినీళ్ళు ఇస్తే మింగలేక పక్కన పెట్టేసింది.

విశాఖపట్నంలో ఆపరేషను చేశారు. డాక్టరు ముందే చెప్పినట్టే గడ్డ నరాన్ని పట్టేసింది. ప్రాణం దక్కింది. గొంతు పోయి గుసగుస మిగిలింది. చెవి దగ్గర పెడితే తప్ప వినబడనంత గుసగుస.

ఏడుకొండలుకు సంగతి అంతా ఆమె తమ్ముడి నోట తెలిసింది. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గర పీటమీద కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్తే మీరు ఆపేసేవారు" అంది ఆమె.

"ఆపేసేవాణ్ణే."

"అందుకే."

ఆయన పంచెకొంగుతో మొహం తుడుచుకుని లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు మెట్ల మీదే ఆగి ఏడుస్తున్నాడని ఆమెకూ వినబడింది, నాకూ వినబడింది.

గొంతులేని మనిషి సంగీతం టీచరుగా ఎలా పనికొస్తుందని కాలనీ సంఘంవాళ్ళకు సందేహం వచ్చింది. పెద్దమనుషులు కాబట్టి సందేహాన్ని చాలా మర్యాదగా వెలిబుచ్చారు. సన్మానం చేసి పంపిద్దామన్నారు. ఏడుకొండలు ఒకటే అన్నాడట: "ఆవిడ చెవులు పోలేదు కదండి. ఆవిణ్ణి పంపిస్తే నా గజ్జెలు కూడా ఇచ్చేస్తాను." ఆ సన్మానం ఆగిపోయింది.

అలా ఆమె మళ్ళీ వచ్చి కూర్చుంది. పిల్లలు పాడుతూ ఉంటే నన్ను ఊపేది. ఎవరైనా శ్రుతి తప్పితే చెయ్యి ఆపేసేది. నా మోత ఆగిపోయేది. ఆ నిశ్శబ్దంలో పిల్లలు ఉలిక్కిపడి తప్పు వెతుక్కునేవారు. దొరకగానే నేను మళ్ళీ మోగేదాన్ని. అంతకుముందు ఆమె పాడి చూపించినప్పటికంటే అప్పుడే పిల్లలకు చెవి బాగా కుదిరిందని చెప్పుకునేవారు.

ఒక్క ఆ బెస్తపదం దగ్గరే ఆమె ఓడిపోయింది. స్వరాలు రాసి ఇచ్చింది. మాటలు గుసగుసగా చెప్పింది. మంచి గొంతున్న నలుగురు ఆడపిల్లలు అప్పజెప్పినట్టు పాడారు. స్వరం ఎక్కడా తప్పలేదు. కానీ 'కానరాదే' దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయేది. మళ్ళీ పాడేవారు. మళ్ళీ ఆగేది. పిల్లలు రకరకాలుగా జార్చి చూశారు. ఆమె వేళ్ళతో గాలిలో గీసి చూపించింది, తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని పెదవులు కదిపింది. తప్పు ఎక్కడుందో మేమిద్దరం చెప్పగలిగాం. ఒప్పు ఏదో చూపించడం మా ఇద్దరి వల్లా కాలేదు. కొన్నాళ్ళకు ఆమె అక్కడ చెయ్యి ఆపడం మానేసింది. నేర్చుకున్నామనుకుని పిల్లలు సంతోషించారు.

కొన్నేళ్ళు అలా గడిచాక ఆ జబ్బే తిరగబెట్టి పరిపూర్ణ వెళ్ళిపోయింది. నన్ను స్కూలుకే ఇమ్మని తమ్ముడికి చెప్పిందట. ఇప్పుడు మీట నొక్కితే మోగే కరెంటు శ్రుతిపెట్టె వచ్చింది. దానికి ఊపే చెయ్యి అక్కర్లేదు. తప్పు పాడినా ఒప్పు పాడినా ఒకేలా మోగుతూ ఉంటుంది. పిల్లలకు దానితోనే హాయి. నేను బీరువా మీద ఉన్నాను. ఎలుకలు తిత్తి కొరికాయి.

ప్రతి వార్షికోత్సవానికీ ఆ పదం పాడతారు. ఇది మా స్కూలు సొత్తు అని మైకులో చెప్పి మరీ పాడతారు. కొత్త టీచరు ఒకసారి ఏడుకొండలును, ఇప్పుడాయన జుట్టంతా తెల్లబడింది, ఒక్కసారి ఆడి చూపించమని అడిగింది. మోకాళ్ళు నొప్పులమ్మా అన్నాడు. వార్షికోత్సవం రోజున ఆ పాట మొదలవగానే మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోతాడు. చప్పట్లు వినబడ్డాక పైకి వస్తాడు.

ఆ పదం పుట్టిన రోజునా నేనున్నాను. ఇసుకలో ఆఖరిసారి సరిగా పాడిన రోజునా నేనున్నాను. ఆ గొంతు ఎక్కడ మొదలై ఎలా జారి ఎక్కడ ఆగిందో ఈనాటికీ నాకు తెలుసు. అడిగితే చెప్పాలని ఉంటుంది. నాకు వచ్చింది ఒక్క స్వరమే.