ఇంకొకరు ఇవ్వాల్సిన పువ్వు

చెట్లు చిగురు వేయకముందే, అడవిలో ఎండుటాకుల మధ్య నుంచి తలెత్తే తెల్లపువ్వు అది. ఊళ్లో అందరూ తొలిపువ్వు అంటారు. దాన్ని ఎవరికి వారు కోసుకోకూడదు, ఇంకొకరు కోసి ఇవ్వాలి. ఇచ్చేవాళ్లుంటే ఆ ఏడాదికి మనకో మనిషి ఉన్నట్టు. ఈ నియమం పెట్టిన మహానుభావుడికి ఇంటినిండా అన్నదమ్ములు ఉండి ఉంటారు. ఒంటికాయ శొంఠికొమ్ముల సంగతి ఆయనకు తట్టలేదు.

లాండ్రీలో కాలర్లు ఇస్త్రీ చేసే అమ్మాయికి ఏటా ఆ పువ్వు వాళ్లమ్మ ఇచ్చేది. అమ్మ ఈ చలికాలంలో పోయింది. పువ్వు లేకుండా పనికి వెళితే అందరూ అయ్యో అంటారు. ఆ అయ్యో ఆమెకు గిట్టదు. అందుకే తెల్లవారగానే అడవికి వెళ్లి, దొంగలా అటూ ఇటూ చూసి, తనే ఒకటి కోసుకుని స్వెట్టరుకు పిన్ను పెట్టుకుంది.

లాండ్రీలో గుండీలు కుట్టే అక్క కంటపడనే పడింది.

"ఎవరిచ్చారే?"

"అన్నయ్య. మా పెద్దనాన్న కొడుకు."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"దూరంగా ఉంటాడక్కా. నిన్ననే వచ్చాడు."

"పోనీలే, నా ప్రాణం కుదుటపడింది. మీ అమ్మ లేదు కదా, పాపం దీనికెవరిస్తారని నేనే ఒకటి కోసుకొచ్చా." అక్క సంచిలోంచి తడిగుడ్డలో చుట్టిన పువ్వు తీసింది. "నీకిక దీంతో పనేముంది? గేటు దగ్గర తాతకిచ్చేస్తా."

ఆగక్కా అన్న మాట గొంతుదాకా వచ్చింది. ఆగమంటే ఏ అన్నయ్యా లేడని ఒప్పుకోవాలి.

"ఇచ్చెయ్ అక్కా," అంది.

ఆ పూటంతా చేసిన కాలరునే మళ్లీ మళ్లీ చేసింది. తనకోసం ఒక మనిషి పొద్దున్నే లేచి అడవికి వెళ్లింది. తలుచుకున్నకొద్దీ ఏడుపొచ్చింది.

సాయంత్రం గేటు దగ్గర తాత చొక్కా మీద పువ్వు చూపించాడు. "నీకెవరిచ్చారమ్మా?" అన్నాడు.

ఇంకోసారి అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. "నేనే కోసుకున్నా తాతా."

తాత నవ్వలేదు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నేనూ ఏటా అంతేనమ్మా. అడిగితే మా కోడలిచ్చిందనేవాణ్ని. ఈ ఏడు ఆ అవసరం పడలేదు. నాకోసమే కోసుకొచ్చిందట, గుండీలు కుట్టే ఆ తల్లి."

అది ఎవరికోసం కోసిందో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"అవును తాతా, నీకోసమే," అంది.