కొత్త తలుపుకు మసి

మూడు గంటలకు తనిఖీ ఆఫీసరు వస్తాడు. ఈలోగా తలుపుకు పదేళ్ళ వయసు రావాలి. వయసొక్కటే చాలదు, మొన్నటి మంటల్లో కమిలినట్టు కూడా కనబడాలి.

పొద్దున వెల్డరు బిగించిపోయిన ఇనుప తలుపు ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు పాతమేస్త్రి. ఇటుక పొడి, జిగురు, గోధుమరంగు కలిపిన ముద్దను కీళ్ళ సందుల్లోకి కుంచె మొనతో తోస్తున్నాడు. కాసేపటికి అది ఎన్నో వానలకు తడిసిన తుప్పులా కనబడుతుంది. లోకంలో అందరూ పాతవాటిని కొత్తవిగా చేసి బతుకుతుంటే, ఈ సినిమా స్టూడియో పార్కులో ఆయన కొత్తవాటిని పాతవిగా చేసి బతుకుతున్నాడు. అందుకే ఆ పేరు. "నా మీద మాత్రం నీ కుంచె పెట్టకు, నీ సంసారమే ఆ పని చేసిపెట్టింది" అని భార్య ఎగతాళి చేస్తుంటుంది.

ఇవాళ పొద్దున మాత్రం ఎగతాళి చేయలేదు. టీ చేతికిస్తూ, "అంతా కాలిపోయిందన్నావు, ఇంకేం పని?" అని అడిగింది. "శుభ్రం చేసే పని" అన్నాడు. భార్యతో అబద్ధమాడటం మొదటిసారేమీ కాదు గానీ, ఆ మాట అన్నాక టీ సగంలోనే వదిలేసి లేచాడు.

పార్కులో పాతకాలపు వీధి అని ఒక సెట్టు ఉండేది. చెక్క చట్రాల మీద అట్టలూ ప్లాస్టరూ వేసి నిలబెట్టిన పద్నాలుగు దుకాణాలు, వాటి వెనక షోకి బట్టలు సిద్ధం చేసే సిమెంటు గది. మొన్న మధ్యాహ్నం షో నడుస్తుండగా ఆ గది వాకిలి పక్కన కరెంటు తీగలు అంటుకున్నాయి. లోపల ఇస్త్రీ చేసే ఆమె ఒక్కతే ఉంది. ముందు మంట. వెనక ఒకప్పుడు చెక్క తలుపుండేది. జనం ఫొటోలు దిగడానికి మంచి గోడ కావాలని పోయిన వేసవిలో దాన్ని బయటినుంచి ప్లైవుడ్ కొట్టి మూసేశారు. ఆ ప్లైవుడ్ మీద బీటలు వారిన ఇటుక గోడ గీసింది పాతమేస్త్రే. ఎంత బాగా గీశాడంటే, వచ్చినవాళ్ళు నిజమో కాదో అని గోటితో గీకి మరీ చూసేవాళ్ళు. దాని ముందు వరస కట్టి ఫొటోలు దిగేవాళ్ళు. పనున్నా లేకపోయినా రోజుకోసారి అటువైపు వెళ్ళి ఆ వరసను చూసొచ్చేవాడు మేస్త్రి.

మొన్న ఆ గోడ వెనకనుంచి దబదబా బాదుతున్న చప్పుడొచ్చింది. పైనుంచి పొగ లేచింది. అదీ షోలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. బకెట్టు పట్టుకుని పరిగెడుతూ మేస్త్రి ఆ చప్పట్లు విన్నాడు.

చివరికి వెల్డరూ ఇంకో ఇద్దరూ తడిపిన దుప్పట్లు కప్పుకుని ముందువైపునుంచే దూరి ఆమెను బయటికి లాక్కొచ్చారు. ప్రాణం దక్కింది. చేతులు రెండూ మోచేతుల దాకా కాలిపోయాయి. ఆపరేషన్లు చేస్తే వేళ్ళు కదులుతాయని డాక్టర్లు అంటున్నారట. అవి చేయించే స్తోమత ఆమెకు ఏడు జన్మలెత్తినా రాదు. కంపెనీ తప్పని తేలితే ఆ ఖర్చు కంపెనీది. ఆమె తప్పని తేలితే ఎవరిదీ కాదు.

తలుపు మూసిన వారానికి ఆమె నవ్వుతూ అన్న మాట మేస్త్రిని రెండు రోజులుగా నిద్రపోనివ్వడం లేదు. "గోడ బ్రహ్మాండంగా ఉంది గానీ అన్నా, నాకు గాలాడే దారి మూసేశావు. లోపల ఉడికిపోతున్నాను" అంది. "మేనేజరుగారితో చెప్తాలేమ్మా" అన్నాడు. చెప్పలేదు. భయపడీ కాదు, మరిచిపోయీ కాదు. చెబితే తన గోడ తీసేస్తారేమోనని చెప్పలేదు. ఈ సంగతి తనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎవరికీ తెలియకపోతే సిగ్గుండదని అనేవాళ్ళకు సిగ్గంటే ఏమిటో తెలియదు.

నిన్న, ప్లైవుడ్ కాలిపోయిన ఆ వాకిలికి పాత తలుపు పుట్టించాలన్నప్పుడు మేనేజరు కసిరి చెప్పలేదు. కుర్చీ వేయించి, పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు.

"వెనక దారి లేదని ఆఫీసరు రాశాడంటే పార్కు మూతే మేస్త్రీ. మూడు వందలమందిమి రోడ్డున పడతాం. తలుపుంది, ఆవిడే సంచి కోసం మళ్ళీ లోపలికి వెళ్ళింది. అంతే మన మాట."

"తను చెప్తుంది కదండీ, మూసేశారని?"

"పొగలో ఆవిడకేం కనబడి ఉంటుంది? నువ్వు చెయ్యలేని పనేం అడిగాను? రోజూ చేసేదేగా."

రోజూ చేసేదే. సిగ్గుచేటైన సంగతి ఏమిటంటే, పని మొదలుపెట్టాక చెయ్యి దాని దారిన అది పోయింది. దీపపు మసిని నూనెలో కలిపి కింద చిక్కగా, పైకి పోయేకొద్దీ పలచగా అద్దాడు. రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసి, కుడి మూల ఇంకాస్త కమలాలి అనుకున్నాడు. పదేళ్ళ తలుపంటే చేతులు పడేచోట రంగు అరిగి ఉండాలి కదా అని గడియ పక్కన గరుకు కాగితం పెట్టబోయి ఆగాడు. ఎవరి చేతులు? ఆ గదిలో రోజంతా ఉండేది ఆమె ఒక్కతే.

అయినా రుద్దాడు.

పనిముట్లు తీసుకుపోవడానికి వెల్డరు వచ్చాడు. చేతికి కట్టు ఉంది. తలుపును చూడకుండా, మేస్త్రినీ చూడకుండా, "పిల్లలున్నారు మేస్త్రీ" అన్నాడు. మేస్త్రి పీట జరిపి అతనికి దారిచ్చాడు.

రెండు దాటాక మేనేజరు ఒక ముసలామెను వెంటబెట్టుకొచ్చాడు. కాలిన మనిషి తల్లి. ఆసుపత్రినుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో మందుల సంచి ఉంది.

"నీ కళ్ళతో నువ్వే చూడమ్మా. తలుపు ఇదిగో, ఇక్కడే ఉంది."

ముసలామె తలుపును కిందనుంచి పైదాకా చూసింది. మొహంలో కోపం కాస్త కాస్తగా జారిపోయింది.

"ఇంత తలుపుందా! మరి మూసేశారమ్మా, మూసేశారమ్మా అని ఒకటే గోల! దానికి చిన్నప్పటినుంచీ అంతే సారూ. కంగారు పుడితే ఎదురుగా ఉన్నది కనబడదు. మొద్దుది, ఒట్టి మొద్దుది! దాని మాట పట్టుకుని మిమ్మల్నందరినీ నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఏమీ అనుకోకండి." మేనేజరుకు చేతులు జోడించింది. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. "నువ్వేనా నాయనా రంగుల మేస్త్రివి? అన్న, అన్న అని ఇంట్లో నీ మాటే చెప్తుంటుంది." అతనికీ చేతులు జోడించింది.

మేస్త్రికి నేల చీలి మింగేస్తే బాగుండనిపించింది. ఇన్నేళ్ళలో తన పనిని ఇంతగా నమ్మినవాళ్ళు ఎవరూ లేరు.

మేనేజరు జేబులోంచి కాగితం తీసి అట్ట మీద పెట్టాడు. సిరా డబ్బీ మూత తీశాడు. "సంచి కోసం మళ్ళీ లోపలికి వెళ్ళిందని రాశాం. ఇక్కడ వేలు పెట్టమ్మా. సాయం సంగతి తర్వాత నేను చూసుకుంటాను."

ముసలామె మందుల సంచి చంకలోకి తోసుకుని బొటనవేలు సిరాలో అద్దింది.

"పెద్దమ్మా, ఆగు."

ఆ గొంతు తనదేనని మేస్త్రికి కూడా ఒక్క క్షణం తెలియలేదు.

"వేలు పెట్టకు. ఇది పొద్దున పెట్టిన తలుపు. మొన్న ఇక్కడ దారి లేదు. ప్లైవుడ్ కొట్టి మూసేశారు. దాని మీద గోడ గీసింది నేను. దీనికి ఈ మసి పూసిందీ నేనే. నీ కూతురు మొద్దుది కాదు పెద్దమ్మా."

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అది మాత్రం పెదవి దాటలేదు.

మేనేజరు నవ్వబోయాడు. "ఎండ దెబ్బ తగిలిందా మేస్త్రీ? కుంచె తీసుకో. ఇంకా అరగంట ఉంది."

"నేను పూయను."

మేస్త్రి టర్పెంటైన్ డబ్బాలో గుడ్డ ముంచి తలుపు మీద బలంగా రుద్దాడు. మసి ముద్దలుగా ఊడొచ్చింది. దాని కింద కొత్త ఆకుపచ్చ రంగు తళతళా మెరిసింది. మేనేజరు అరుస్తున్నాడు, ఎవరినో పిలుస్తున్నాడు. మేస్త్రి వెనక్కి తిరగకుండా రుద్దుతూనే ఉన్నాడు.

ముసలామె అతని చేతులనే చూస్తూ, సిరా అంటిన వేలు గాలిలోనే పెట్టుకుని అలాగే నిలబడింది.