వేట రాకముందే విత్తనం

భద్రమ్మ కొడుకు సంచి సర్దుతోంది. నాలుగు జొన్నరొట్టెలు, ఉప్పు పొట్లం, ఎండుమిరపకాయలు, గుప్పెడు ఇప్పపువ్వు, కాలిలో ముల్లు దిగితే తీసుకోవడానికి పిన్నీసు. అన్నీ పెట్టి మూతి బిగించి ముడివేసింది. చుట్టల కట్ట మాత్రం సంచిలో వేయలేదు. దాన్ని దూలం సందులో దోపింది.

సమ్మయ్య చూశాడు. అమ్మ సంగతి అతనికి తెలియంది కాదు. ఇరవై రెండేళ్ల కిందట అడవి కేసులో అతని తండ్రికి పిలుపు వచ్చినప్పుడు ఆమె సంచి నిండా సర్దింది. దుప్పటి, చెంబు, చుట్టలు, జ్వరం బిళ్లలు, ఒక్కటీ మరవలేదు. అన్నీ వెంట ఉన్న మనిషికి ఇల్లెందుకు గుర్తొస్తుంది? ఆయన జైలు నుంచి రాలేదు. అప్పటినుంచి ఎవరు గడప దాటినా ఆమె వాళ్ల వస్తువు ఒకటి ఇంట్లో ఆపుకుంటుంది. దానికోసమన్నా తిరిగొస్తారని ఆమె ఆశ.

"మూడు దినాలు చుట్ట లేకుంటె నేనెట్ల ఉంటనే?" అన్నాడు సమ్మయ్య.

"ఉండలేకపోతె జల్దీ రా."

కోడలు అరుణశ్రీ పొయ్యి దగ్గర నుంచి నవ్వింది. "నా మొగుణ్ని చుట్టకు కట్టేసినవ్ అత్తా. మరి నన్ను దేనికి కట్టేస్తవ్?"

"నువ్వు యాడికి పోతవ్? ఇంట్లనే ఉంటివి గద."

ఆ రోజు మద్దిగుంపు అనే ఆ కోయపల్లెలో భూమి పండుగ. ముప్పై ఆరు కోయ గడపల మగవాళ్లు విల్లంబులు పట్టుకొని తొలికోడి కూతకే అడవికి పోతారు. మూడో రోజు తిరిగొస్తారు. అడవిలో ఇప్పుడేం మిగిలిందని అడిగితే జవాబు లేదు. ఒక్క అడవికోడి దొరికినా అది వేటే. మగవాళ్లు లేని ఆ మూడు రోజులూ రోడ్డు ఆడవాళ్లది. అడ్డంగా తాడు పట్టుకొని పాటలు పాడతారు. బస్సయినా, కలెక్టరు కారైనా పండుగ మామూలు ఇవ్వందే కదలదు. వేట తెచ్చినవాడికి కాళ్లు కడుగుతారు. ఉత్త చేతులతో వచ్చినవాడి నెత్తిన పేడనీళ్లు కుమ్మరిస్తారు. వేట ఊరు చేరాకే గుంపు పెద్ద ఇంట్లో దాచిన విత్తనాల గంప బయటికొస్తుంది. అంతకుముందు గింజ నేలను తాకితే అడవిలో ఉన్న మగవాళ్లకు కీడు. ఈ మాట భద్రమ్మకు వాళ్ల అవ్వ చెప్పింది, ఆ అవ్వకు వాళ్ల అవ్వ చెప్పింది.

ఊరి వెనక గట్టు మీద వాళ్ల పోడు ఉంది. నలభై ఏళ్లుగా దున్నుతున్న నేల. పట్టాల కోసం పోయిన చలికాలంలో దరఖాస్తులు పెట్టుకున్నారు. డిగ్రీ రెండో ఏడు దాకా చదివిన అరుణశ్రీ ముప్పై ఆరు దరఖాస్తులూ తన చేత్తోనే రాసింది. అడవి ఆఫీసు వాళ్ల తీరు మాత్రం వేరు. పైరు నిలబడి ఉంటే అది తగాదా భూమి. పైరు లేకపోతే ఖాళీ జాగా. ఖాళీ జాగా చుట్టూ కందకం తవ్వుతారు, లోపల మొక్కలు నాటుతారు. ఆ తర్వాత అందులో కాలు పెట్టినవాడు దొంగ. ఏడాది మొత్తంలో గట్టు దున్ని ఉత్తగా కనిపించేది విత్తనానికి ముందు ఈ నాలుగు రోజులే.

వారం కిందట జెడ్పీటీసీ వెంకటనారాయణ గుంపుకు వచ్చాడు. వాగవతలి గుంపు బిడ్డే, వాళ్ల కోయవాడే. 'పల్లె పలకరింపు' అని బ్యానరు కట్టించాడు. పాడైన బోరింగు బాగుచేయించాడు. యువకులకు వాలీబాల్ ఇచ్చాడు. కంటి డాక్టర్ని వెంటబెట్టుకొచ్చి ముసలివాళ్లకు కళ్లద్దాలు పెట్టించాడు. నులకమంచం మీద కూర్చొని జొన్నగటక తాగుతూ అందరి అర్జీలూ విన్నాడు. విన్నంతసేపూ ఫోటోలు తీస్తూనే ఉన్నారు. పట్టాల సంగతి అడిగితే హైదరాబాద్ పోతున్నానని, పట్టుకొనే వస్తానని భూమితల్లి మీద చెయ్యి పెట్టి చెప్పాడు. పండుగకు రెండు మేకలు ఇచ్చాడు. లేచేముందు, చెప్పులు వేసుకుంటూ మాటవరసకు అడిగినట్టుగా, వేటకు ఎప్పుడు పోతున్నారని, మగవాళ్లంతా పోతారా అని అడిగాడు.

వేట దినం పరాయివాడికి చెప్పకూడదు. అది గుంపులో చంటిపిల్లలకు కూడా తెలుసు. అయితే నారాయణ పరాయివాడా? శనివారం తొలికోడికి పోతామని, కుంటివాడు కూడా ఆగడని గుంపు పెద్ద మీసం దువ్వి చెప్పాడు.

భద్రమ్మ ఆ కళ్లద్దాలు పెట్టుకొని ఎంత మురిసిందో. యాభై ఎనిమిదో ఏట కోడలు వేలు పట్టి దిద్దించిన అక్షరాలు అప్పటిదాకా చీమల్లా పాకేవి. ఇప్పుడు నిలబడ్డాయి. దరఖాస్తు మీద తన పేరు తానే చదువుకొని, కొంగుతో అద్దాలు తుడుచుకొని, మళ్లీ చదువుకుంది.

శనివారం మధ్యాహ్నం రోడ్డు మీద మొట్టమొదట చూసింది కూడా ఆ అద్దాలతోనే. రెండు జేసీబీలు, మూడు జీపులు, వెనక పోలీసు వ్యాను.

అప్పటిదాకా ఆడవాళ్లు సరదాగా ఉన్నారు. ఎరువుల లారీ డ్రైవర్ని పాట పాడించి వదిలారు. ఈ బండ్లను కూడా అదే తీరుగా ఆపారు. ఒకామె రేంజరు దొరను చిందేసి పొమ్మంది. ముందు జీపులో ఉన్న జవాను పళ్లికిలించాడు.

"మీరు గిట్లనే ఆడుకోండి. మగోళ్లు ఎట్లాగు ఉండరని మీ జెడ్పీటీసీ సారు ముందే చెప్పిండు."

పాట ఆగింది. తాడు పట్టుకున్న చేతులు బిగిశాయి.

అరుణశ్రీ ముందుకొచ్చింది. దరఖాస్తులు తేలేదాకా భూమిని ముట్టకూడదని చట్టంలోనే ఉంది కదా అని రేంజరును నిలదీసింది. ఆయన ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. "దరఖాస్తు పంట భూమికి ఉంటది. అది ఖాళీ గట్టు. పంట ఏది, చూపియ్."

జీపు తాడును తెంచుకొని పోయింది. తాడు వదలని ఇద్దరు ముసలమ్మలను ఇరవై గజాలు ఈడ్చింది. మోకాళ్ల మీద తోలు లేచిపోయింది. ఆడవాళ్లు అడ్డదారిన గట్టు ఎక్కి యంత్రాలకంటే ముందే పైన నిలబడ్డారు. వెనకే లాఠీలు వచ్చాయి. గర్భిణి అని చూడలేదు, ముసలి అని చూడలేదు. జుట్టు పట్టి లాగారు, పిక్కల మీద కొట్టారు, పడినవాళ్లను బూట్లతో తొక్కారు. మొదటి జేసీబీ తొండం ఎత్తింది. నలుగురు ఆడవాళ్లు దాని కింద వరసగా పడుకున్నారు.

ఆ బండి డ్రైవరు ఇద్రీస్. ఖమ్మంలో ఏ గుత్తేదారు పిలిస్తే ఆ పనికి పోయేవాడు. తొండం గాలిలోనే ఆపి ఇంజను బందు పెట్టాడు. రేంజరు కేకలు వేస్తుంటే తాళంచెవి పీకి, గురి చూసి మరీ లోయలోకి విసిరాడు.

"మట్టి తవ్వనీకి పిలిచిన్రు సార్. మనుషులను గాదు."

లాఠీ అతని దవడ మీద పడింది. పళ్లు రెండు ఊడి ఒళ్లో పడ్డాయి. రెండో జేసీబీ పక్క నుంచి పైకెక్కి పది గజాల కందకం తవ్వేసింది.

అప్పుడే అవతలి వాలు నుంచి లంబాడీ తండా ఆడవాళ్లు వచ్చారు. ముందు చాంది ఉంది, కొంగునిండా కారం. వాగునీళ్ల దగ్గర గుంపుకూ తండాకూ పదేళ్ల పగ. చాంది, భద్రమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకొని మూడేళ్లయింది. ఇయ్యాల మీరు, రేపు మేమే అని ఒక్క మాట అని చాంది మొదటి గుప్పిట జవాన్ల కళ్లలో కొట్టింది. రాళ్లు లేచాయి. ఒక జవాను తల పగిలింది. లాఠీలు మరింత రెచ్చిపోయాయి.

ఆ దుమ్ములో అరుణశ్రీ అత్త భుజం పట్టుకుంది. "పంట చూపియ్యమంటున్నడు అత్తా. విత్తనం వేద్దాం."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొయ్యబారిపోయారు. వేట రాలేదు. దెబ్బలు తింటూ కూడా వాళ్లు భద్రమ్మ వంకే చూశారు. గుంపులో పెద్దముత్తయిదువలు పోయాక పండుగ నేమాలు కాచేది ఆమే. ఆమె కళ్ల ముందు సమ్మయ్య సంచి, దానికి తను వేసిన ముడి. గింజ నేలను తాకితే అడవిలో వాడికేమవుతుంది? తాకకపోతే రేపు వాడు వచ్చి ఎక్కడ నిలబడతాడు? ఆమె కందకం వైపు చూసింది. తన మొగుడు రాళ్లు ఏరిన చెలక, ఆవు కడుపు చీల్చినట్టు తెరుచుకొని ఉంది.

ఆమె గట్టు దిగి గుంపు పెద్ద ఇంట్లోకి పోయింది. ముప్పై ఆరు గడపల గింజ కలిపిన గంపను తల మీద పెట్టుకొని వచ్చింది.

"వేట అడవిల లేదు," అంది. "ఈళ్లు మననే వేటాడవట్టిరి. ఇగ దేనికోసం ఆగాలె?"

మొదటి గుప్పెడు ఆమే చల్లింది. తర్వాత అందరి చేతులూ గంపలో పడ్డాయి. జొన్న, కంది, సజ్జ. దున్నిన చాళ్లలో, కందకం మట్టిలో, జీపు చక్రాల గాడిలో. లాఠీ చేతి మీద పడితే రెండో చేత్తో చల్లారు. పడినవాళ్లు పడినచోటే గింజల మీద మట్టి కప్పారు. తండా వాళ్లు కూడా చల్లారు. విత్తనం చల్లే మనిషిని ఏ కేసు కింద కొట్టాలో తెలియక ఒక చిన్న జవాను లాఠీ దించి నిలబడితే పై అధికారి వాడి చెంప పగలగొట్టాడు.

అరుణశ్రీ ఒడినిండా గింజలు పోసుకొని రెండో జేసీబీకి ఎదురుగా నడిచింది. చల్లుతూ నడిచింది. చెవి వెనక దెబ్బ పడింది. కూర్చుండిపోయింది. లేచి ఇంకో గుప్పెడు చల్లింది. రెండో దెబ్బ అదే చోట పడింది. ఈసారి లేవలేదు. కాళ్లు పట్టి ఈడ్చుకుపోయి, ఇంకో ఆరుగురితో కలిపి వ్యానులోకి విసిరారు. భద్రమ్మ పరుగెత్తింది. దారిలో కోడలి చెప్పు ఒకటి దొరికింది. వ్యాను తలుపు మూస్తుండగా లోపలి నుంచి సన్నగా వినపడింది.

"గంప ఖాళీ చెయ్ అత్తా."

భద్రమ్మ చెప్పును కొంగులో కట్టుకొని వెనక్కి తిరిగి గట్టెక్కింది. గంప ఖాళీ చేసింది.

తాళంచెవి లేని జేసీబీ ఇరుకు బాటలో అడ్డంగా నిలిచిపోయింది. పైకెక్కిన రెండోదానికి ముందు ఆడవాళ్లు అడ్డం, దిగే దారికి ఈ బండి అడ్డం. పొద్దు వాలకముందే వెంకటనారాయణ కారు వచ్చింది. తెల్లచొక్కా, వెనక బ్రెడ్డు పాకెట్లు, కట్టుగుడ్డలు, ఫోటోలు తీసేవాడు. తనకేమీ తెలియదని, ఆఫీసర్లు మోసం చేశారని, దెబ్బలు తగిలినవాళ్లను తన కారులోనే దవాఖానాకు పంపుతానని కోయభాషలో తియ్యగా మాట్లాడాడు. ఆడవాళ్లు తెగిన తాడుకు ముడివేసి రోడ్డుకు అడ్డంగా పట్టుకున్నారు.

భద్రమ్మ ముందుకొచ్చింది. "హైదరాబాద్ పోయినవ్ గద నారాయణా. ఏం వేట తెచ్చినవ్?"

"పట్టాలు ప్రాసెస్‌ల ఉన్నయ్ పెద్దమ్మా."

"చేతులు చూపియ్."

ఆయన నవ్వబోయి, ఎందుకో చేతులు చాపాడు. ఉత్త చేతులు.

భద్రమ్మ కళ్లద్దాలు తీసి ఆ చేతుల్లో పెట్టింది. "ఇవి పెట్టుకొని చూసిన. నువ్వే కనవడ్డవ్."

మొదటి కుండ చాంది ఎత్తింది. పేడనీళ్లు నెత్తి నుంచి తెల్లచొక్కా మీదుగా బూట్లలోకి దిగాయి. తర్వాత ఇంకో కుండ, ఇంకొకటి. కోయవాడికి ఆ నీళ్ల అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు. ఆయన మొహం మాడిపోయింది. పక్కనున్న గన్‌మన్ తుపాకీ మడమతో కొట్టిన దెబ్బకు భద్రమ్మ మణికట్టు విరిగింది. అయినా తాడు దిగలేదు. కారు రివర్సులోనే వెనక్కి పోయింది.

కబురంది మగవాళ్లు మర్నాడు పొద్దున్నే వచ్చారు. ఒక్కడి చేతిలో వేట లేదు. పేడనీళ్ల కోసం తల వంచి నిలబడ్డారు. ఎవరూ పోయలేదు. గుంపు పెద్ద గట్టునంతా చూసి, ఖాళీ గంపను చూసి, దాన్ని తన నెత్తి మీద బోర్లించుకొని ఆడవాళ్ల ముందు కూర్చున్నాడు. వేట దినం చెప్పిన నోరు తనదేనని ఒప్పుకున్నాడు. ఆ ఆదివారమే వాన పడింది.

మంగళవారం మధ్యాహ్నానికి పన్నెండు గుంపులు, నాలుగు తండాలు రోడ్డెక్కాయి. ఖమ్మం నుంచి విద్యార్థులు వచ్చారు. దవడకు కట్టు కట్టుకొని ఇద్రీస్ వచ్చి తాడు కొస పట్టుకున్నాడు. తొమ్మిది రోజులు ఆ తాడు దిగలేదు. కందకం పది గజాల దగ్గరే ఆగింది. ఆ మట్టిలోనే జొన్న అన్నిటికంటే ముందు మొలిచింది.

దూలం సందులోని చుట్టల కట్టను భద్రమ్మ కొడుకు చేతిలో పెట్టింది. అతను తాగలేదు. అరుణశ్రీ దువ్వెన, పసుపు చీర, డిగ్రీ పుస్తకాలు, దరఖాస్తుల జిరాక్సులు, ఒక చెప్పు, అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. ఆమె ఏదీ వెంట తీసుకుపోలేదు.

అరుణశ్రీ తిరిగి రాలేదు. 2022 జూన్ పద్నాలుగు, మంగళవారం తెల్లవారుజామున ఖమ్మం దవాఖానాలో చనిపోయింది. పోలీసులు శవాన్ని గుంపుకు రానివ్వలేదు.