దొరగారి ఎడమ కన్ను

పొద్దున్నే దులపడానికి సోఫా కవరు లాగితే మా దొరగారు కదల్లేదు. రోజూ రెండో కొస పళ్ళతో పట్టుకుని నాతో లాగులాట ఆడతాడు. వంగి చూస్తే ముందుకాలితో ఎడమ కన్ను రుద్దుకుంటున్నాడు. రెప్ప సగమే తెరుచుకుంటోంది. నీళ్ళు కారి బుగ్గమీది వెంట్రుకలు అట్టకట్టాయి. కనుగుడ్డు మీద సన్నటి పొగలాంటి మచ్చ.

దొరగారంటే మా కుక్క. కింద పడుకోడు, చల్లారింది ముట్టడు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. తెచ్చింది మాత్రం మా ఆయన. వచ్చినవాళ్ళందరికీ "నా కుక్క" అని చూపిస్తాడు. ఆ 'నా'లో వీధిలో తిప్పుకురావడం, స్నానం చేయించడం, వాంతి చేసుకుంటే ఎత్తిపోయడం లేవు. అవి ఎప్పుడు నావయ్యాయో గుర్తులేదు. ఈ ఇంట్లో పనులన్నీ అలాగే నావయ్యాయి, ఎవరూ అప్పగించకుండానే, నేను సరేననకుండానే.

"దుమ్ము పడుంటుంది. అదే పోతుందిలే," అన్నాడు మా ఆయన గడ్డం గీసుకుంటూ.

"మచ్చ కనిపిస్తోందండీ. ఎవరికైనా చూపిద్దాం."

"మొన్న నా కళ్ళకిచ్చిన చుక్కలు ఫ్రిజ్‌లో ఉన్నాయిగా. రెండు వెయ్యి. నీకు ప్రతిదానికీ కంగారే."

అత్తయ్య పేపరు పక్కకి తప్పించి చూసింది. "కుక్కకి కంటి డాక్టరా? నా కంటి ఆపరేషన్‌కి కూడా ఇంత హడావుడి పడలేదు కదమ్మా నువ్వు!"

ఆ ఆపరేషన్‌కి సెలవు పెట్టింది నేను. ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని వేళ తప్పకుండా మందు వేసింది నేను. నోటిదాకా వచ్చినదాన్ని మింగడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఫ్రిజ్ తీసి చుక్కల సీసా చేతిలోకి తీసుకున్నాను కానీ మూత తిప్పడానికి చెయ్యి రాలేదు. పెద్దరోడ్డు మీది పశువుల క్లినిక్‌కి ఫోన్ చేశాను.

"మనుషుల చుక్కలు వెయ్యకండి మేడమ్," అంది రిసెప్షన్‌లో అమ్మాయి. "గుడ్డుమీద పుండయి ఉంటే కొన్ని మందులతో ఇంకా ముదురుతుంది. ఇవాళే చూపించాలి." ఆ తర్వాత ఎంతవుతుందో చెప్పింది. ఆ లెక్క మా ఆయనకి చెప్పాను.

"ఆ డబ్బుకి ఇంకో కుక్క వస్తుంది," అన్నాడు మా ఆయన, బూట్ల లేసులు కట్టుకుంటూ. తమాషాకే అన్నాడు. నవ్వుతూ వెళ్ళిపోయాడు కూడా. దొరగారు వాకిలిదాకా వెళ్ళి, ఒంటికన్నుతో ఆయన్ని సాగనంపి వచ్చాడు.

ఇంటికి ఏం కొన్నా బేరమాడేది నేనే. అప్పుడు నా గడుసుదనాన్ని అందరూ మెచ్చుకుంటారు. అలాంటిది, నాకు కావలసినదాని కోసం "అంత ఇచ్చుకోలేను" అనాలంటే సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గుపడుతూ కూర్చుంటే వాడి కన్ను పోతుంది. మళ్ళీ ఫోన్ చేశాను.

"అమ్మా, అంత నేను పెట్టలేను. తక్కువలో ఇవాళే చూసేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా?"

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "పశువైద్య కాలేజీ ఆసుపత్రికి వెళ్ళండి. కంటి విభాగం ఉంది, ఖర్చు చాలా తక్కువ. అర్జెంటని ముందే ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే వరసలో కూర్చోబెడతారు. మా కుక్కనీ నేను అక్కడికే తీసుకెళ్తా."

అక్కడికి ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నారు. బట్టల షాపులో ఆల్టరేషన్లు చేస్తాను కాబట్టి, కాలర్లలో వేసే గట్టి గుడ్డ ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. కాలితో కన్ను గోక్కోకుండా దాన్ని గరాటులా కత్తిరించి, అంచుకి మెత్తటి పట్టీ కుట్టి వాడి మెడకి తొడిగాను. షాపుకి ఫోన్ చేసి రానని చెప్పాను.

"ఇంట్లో ఎవరికైనా బాలేదా?" అన్నాడు సూపర్‌వైజర్.

"కుక్కకండీ."

పక్కవాళ్ళకి కూడా చెప్పి మరీ నవ్వాడు. "కుక్కకోసం సెలవిస్తే జీతం కోతే మరి."

"కోసుకోండి," అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

ఆసుపత్రిలో డాక్టరు నాకంటే చిన్నది. చుట్టూ విద్యార్థులు. కంట్లో రంగుచుక్క వేసి, గది చీకటి చేసి, నీలం లైటు పట్టింది. గుడ్డుమీద ఒకచోట పచ్చగా వెలిగింది. "పుండే. లోతుగానే ఉంది," అంటూ మత్తుచుక్కలు వేసి, లోపలి రెప్ప ఎత్తి, మొనదేలిన గడ్డిగింజ ఒకటి బయటికి లాగింది. నేను వాడి తల రెండు చేతులతో పట్టుకుని, చెవిలో ఏదేదో చెబుతూనే ఉన్నాను. వాడు మూలిగాడు గానీ కదల్లేదు.

"ఇంట్లో ఏమైనా మందు వేశారా?"

సంచిలోంచి సీసా తీసి చూపించాను. "వెయ్యమన్నారండీ. వెయ్యలేదు."

డాక్టరు దానిమీద రాసింది చదివింది. "మంచిపని చేశారు. ఇది వేసుంటే గుడ్డుకి చిల్లు పడేది." తర్వాత గరాటు తిప్పి చూస్తూ, "ఇదెక్కడ కొన్నారు?" అంది.

"నేనే కుట్టాను."

"ఇటు చూడండర్రా," అని పిల్లల్ని పిలిచింది. "అంచు ఎంత మెత్తగా కుట్టారో చూడండి. మెడ ఒరుసుకోదు." అందరూ ఒక్కొక్కరే ముట్టుకుని చూశారు. ఇన్నేళ్ళలో ఎన్ని ప్యాంట్లు పొట్టిచేశానో, ఎన్ని నడుములు వదులుచేశానో, ఒక్కరూ తిరగేసి నా కుట్టు చూసింది లేదు. నా వీపు దానంతటదే నిటారుగా అయింది. బయట కౌంటర్లో అడిగినది నా పర్సులో ఉన్నదానితోనే సరిపోయింది.

డాక్టరిచ్చిన చుక్కలు వేసీ వేసీ మచ్చ పలచబడింది. చివరికి దీపం దగ్గర పెట్టి వెతికితే తప్ప కనిపించనంతయింది.

ఒక ఆదివారం మా ఆడపడుచు వచ్చింది. మా ఆయన దొరగారి మూతి పట్టుకుని ఆవిడ వైపు తిప్పాడు. "ఈ కన్ను పోవాల్సిందే అక్కా. టైముకి తీసుకెళ్ళాం కాబట్టి దక్కింది."

"మావాడికి మూగజీవాలంటే ప్రాణం," అంది అత్తయ్య.

నేను కాఫీలు తెస్తున్నాను. ట్రే బల్లమీద పెట్టేదాకా ఆగాను, కప్పులు తొణకకూడదని.

"తీసుకెళ్ళాం కాదండీ," అన్నాను, నవ్వుతూనే, అందరికీ వినపడేలా. "తీసుకెళ్ళాను."