వీడియోలో పెద్దమనిషి

ఎర్రన్నది నరసన్నపేట పక్క పల్లె. అరవై దాటినా వరిమడిలో అతని చెయ్యి ఆగేది కాదు. అలాంటివాడికి మూత్రం చుక్కచుక్కగా రావడం మొదలైంది. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు.

ఓరోజు ఫోన్‌లో ఒక వీడియో కనబడింది. తెల్లమీసాల పెద్దమనిషి ఒకాయన, ప్రోస్టేట్ గ్రంథి వాచి తాను పడ్డ అవస్థా, మూలికల గుళికలు మింగాక దక్కిన సుఖమూ చెబుతున్నాడు. యాస తమవైపుదే. ఎర్రన్నకు నమ్మకం కుదిరింది. గుళికలు తెప్పించి, మోకాళ్ల నొప్పులకని భార్య జగ్గమ్మతో చెప్పి మింగసాగాడు. డాక్టరుకు చూపిద్దామని ఆమె అన్నప్పుడల్లా మాట దాటేసేవాడు.

కోతల్లో ఒక ఉదయం చుక్క కూడా రాలేదు. పొత్తికడుపు రాయిలా బిగిసి గట్టు మీదే కూలబడ్డాడు. ఆటోలో శ్రీకాకుళం ఆసుపత్రికి తెచ్చారు. గొట్టం వేస్తే, సంచి నిండవస్తున్నా ధార ఆగలేదు. ఇంత నీరు తన కడుపులోనే ఉందా అని ఎర్రన్న నోరు తెరిచి చూస్తుండిపోయాడు. ప్రోస్టేట్ గ్రంథి వాచి మూత్రానికి అడ్డుపడిందనీ, దాంతో కిడ్నీలు కూడా వాచాయనీ, ముందే వస్తే మందులతో పోయేదనీ డాక్టరమ్మ చెప్పింది. గుళికల సంగతి అప్పుడు బయటపడింది.

"మోకాళ్లకని సెప్పినావు గదా" అంది జగ్గమ్మ.

మర్నాడు పక్క మంచం మీదికి ఒకాయన్ని తెచ్చారు. ఆయనకూ గొట్టమే. ఎర్రన్న తల తిప్పి చూశాడు. అవే మీసాలు.

"ఫోన్లో గుళికల గురించి సెప్పింది నువ్వే కాదేటి?"

ఆయన అవునని తలూపాడు. పేరు లక్ష్మీనరసింహం. పాతపట్నం గుడిలో సన్నాయి వాయించేవాడట.

"ఆ వేళకి నాకు నిజంగానే కులాసాగా ఉండేది బాబూ. అదే సెప్పినాను. తర్వాత తిరగబెట్టినాది. వీడియో తీసెయ్యండని అడిగితే ఆ గుళికలోళ్లు ఫోన్ ఎత్తడం మానేసినారు."

"మరి నువ్వు మింగడం ఆపలేదేటి?"

"నా మాట నేనే నమ్మినాను. ఇప్పుడు కేన్సరంటన్నారు. ఎముకల్లోకి పోయిందట."

తిడదామనుకున్న ఎర్రన్న జగ్గమ్మ వైపు చూశాడు. జగ్గమ్మ లేచి, తాము తెచ్చుకున్న అంబలి ఆ పెద్దాయనకు గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన తాగేదాకా గ్లాసు తనే పట్టుకుంది.

ఎర్రన్నకు ఆపరేషన్ అయింది. కిడ్నీలు మెల్లగా కోలుకున్నాయి. పల్లెకు వచ్చాక చాలా రోజులు గడప దాటలేదు. ఆ తర్వాత ఒక పొద్దున టీకొట్టు దగ్గర తన ఈడువాళ్లందరి ముందూ సిగ్గు విడిచి జరిగిందంతా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. అతని వియ్యంకుడు నారాయణమూర్తి మాత్రం టీ సగంలో వదిలేసి, ఆ ఆసుపత్రికి ఏ బస్సెక్కాలో నెమ్మదిగా అడిగాడు.